ఎస్పీ గారి బల్ల మీద ఏముంటుంది? ఐపీఎస్ కొలువుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఐపీఎస్ ఉద్యోగం మీద సందేహాలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం 'ఎలా సెలెక్టవ్వాలి' అన్నవే. దానికి కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చాలానే ఉన్నాయి. సెలెక్టయ్యాక ఆ ముప్పై ఏళ్లూ ఎలా నడుస్తాయని అడిగినవాళ్లకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

మా అమ్మాయి ఎత్తు 149 సెంటీమీటర్లు. కళ్లద్దాలు కూడా ఉన్నాయి. ఐపీఎస్ ఆశ వదులుకోవాల్సిందేనా?
— ఒక తండ్రి, తెనాలి

అద్దాల సంగతి ముందు తేల్చేద్దాం. అవి అడ్డం కావు. అద్దాలు పెట్టుకున్నాక దూరపు చూపు మంచి కంటికి 6/6 గానీ 6/9 గానీ, రెండో కంటికి 6/12 గానీ 6/9 గానీ వస్తే సరిపోతుంది. రంగులు గుర్తుపట్టే పరీక్ష వేరే ఉంటుంది. అది ఇప్పుడే ఏ కంటి డాక్టరు దగ్గరైనా పది నిమిషాల్లో చేయించుకోవచ్చు. మూడేళ్లు చదివి, ఇంటర్వ్యూ దాకా వెళ్లాక అక్కడ తెలుసుకోవడం కన్నా ఇది నయం.

ఎత్తు మాత్రం గట్టి నిబంధన. మగవాళ్లకు 165 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150. ఎస్టీలకూ, గూర్ఖా, గఢ్వాలీ, కుమావోనీ, నాగా, అస్సామీ వంటి వర్గాలకూ 160, 145. మీరు ఎస్టీ అయితే ఇబ్బందే లేదు. కాకపోతే ముందు సరిగ్గా కొలిపించండి. ఇంట్లో గోడకు గీతపెట్టి కొలిచే కొలతలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ అవడం మామూలే. చెప్పుల్లేకుండా, మడమలు, పిక్కలు, పిరుదులు, భుజాలు నిలువు కొలబద్దకు ఆనించి, గడ్డం కాస్త దించి నిలబెట్టాలి. అర సెంటీమీటరు వరకూ లెక్కలోకి వస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు పగలంతా నొక్కుకుపోతాయి కాబట్టి సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. పొద్దున్నే కొలిపించండి. ఎత్తు పెంచుతామనే పొడులకు, వేలాడే యంత్రాలకు డబ్బు తగలేయకండి.

ఛాతీ కొలత కూడా ఉంది. మగవాళ్లకు 84 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 79, ఊపిరి పీల్చినప్పుడు ఇద్దరికీ 5 సెంటీమీటర్లు పెరగాలి. ఊపిరి పూర్తిగా పట్టి నిలపడం అలవాటు లేనివాళ్లు ఈ 5 దగ్గర తడబడతారు.

ఇంకోమాట. ఎత్తు చాలక ఐపీఎస్‌కు పనికిరారన్నంత మాత్రాన పరీక్ష పోయినట్టు కాదు. ఐఏఎస్‌కూ, ఇంకా చాలా సర్వీసులకూ ఈ కొలత లేదు. అప్లికేషన్‌లో సర్వీసుల వరస రాసేటప్పుడు ఐపీఎస్ ఒక్కటే రాసి ఊరుకునే పిల్లలున్నారు. ఆ తప్పు చేయనీకండి.

కొత్తగా వచ్చిన ఏఎస్పీ (అసిస్టెంట్ ఎస్పీ) భుజం మీదా మూడు స్టార్లే, మా ఊరి డీఎస్పీకీ మూడే, సీఐకీ మూడే. ఎవరెవరో ఎలా తెలుస్తుంది? గ్రూప్-1 డీఎస్పీ ఎప్పటికైనా ఐపీఎస్ అవుతాడా?
— ఇద్దరు పాఠకులు, నర్సీపట్నం, సూర్యాపేట

స్టార్లు లెక్కపెట్టకండి, వాటి కింద, భుజం చివర చూడండి. సీఐ అయితే మూడు స్టార్ల కింద ఎరుపు, నీలం కలిసిన సన్నటి పట్టీ ఉంటుంది. డీఎస్పీకి ఆ పట్టీ ఉండదు, భుజం చివర రాష్ట్ర పోలీసు సర్వీసు అక్షరాలుంటాయి. ఏఎస్పీకి అదేచోట ఐపీఎస్ అన్న అక్షరాలు. చేసే పని మాత్రం ఏఎస్పీకీ డీఎస్పీకీ ఒకటే. ఇద్దరూ సబ్‌డివిజన్ చూస్తారు, ఇద్దరినీ ఎస్డీపీఓ (సబ్‌డివిజనల్ పోలీసు అధికారి) అనే అంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి కాబట్టి కొత్త ఏఎస్పీకి కేస్ డైరీ స్వయంగా రాసే అవసరం పడేది ఎక్కువగా అక్కడే.

స్టార్లు పోయి సింహాలు వచ్చేది అదనపు ఎస్పీ స్థాయిలో. అప్పుడు భుజం మీద రాజముద్ర ఒక్కటే. ఎస్పీకి రాజముద్ర, ఒక స్టార్. సెలెక్షన్ గ్రేడ్ వస్తే రెండు స్టార్లు, కాలరు మీద ముదురు నీలం పట్టీ. డీఐజీకి మూడు స్టార్లు. ఐజీ నుంచి అడ్డంగా కలిసిన కత్తీ లాఠీ గుర్తు మొదలవుతుంది. ఐజీకి దాని పైన ఒక స్టార్, ఏడీజీకీ డీజీకీ రాజముద్ర. అందుకే ఏడీజీనీ డీజీపీనీ భుజం చూసి విడదీయలేం. బోర్డు చదవాల్సిందే.

ఇక గ్రూప్-1 డీఎస్పీ సంగతి. ఐపీఎస్ సీనియర్ పోస్టుల్లో మూడో వంతు రాష్ట్ర సర్వీసు నుంచి ప్రమోషన్ మీద వచ్చేవాళ్లకే. డీఎస్పీగా 8 ఏళ్లు నిండాలి, 56 దాటకూడదు. యూపీఎస్సీ కమిటీ ఏటా సెలెక్ట్ లిస్టు తయారు చేయాలి. చెడేది ఇక్కడే. రాష్ట్రంలో సీనియారిటీ జాబితా మీద కోర్టు గొడవ నడుస్తుంటే ఆ లిస్టు ఏళ్లకేళ్లు కదలదు. కమిటీ కూర్చున్నా, ఆ అధికారి నిజాయతీపరుడని రాష్ట్ర ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏదైనా చార్జ్ మెమో, అంటే క్రమశిక్షణ చర్య కాగితం, పెండింగ్‌లో ఉంటే పేరు తాత్కాలికంగానే ఎక్కుతుంది. అర్హత వచ్చాక పదేళ్లు ఎదురుచూసినవాళ్లూ ఉంటారు, పనికిరాక కాదు, ఫైలు నడవక.

హైదరాబాద్ శివరాంపల్లి అకాడమీలో అసలు ఏం నేర్పిస్తారు?
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

మొదట ముస్సోరీలో మిగతా సర్వీసులవాళ్లతో కలిసి మూడు, నాలుగు నెలల ఫౌండేషన్ కోర్సు. తర్వాత శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ. ఇది 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో ఇక్కడికి వచ్చింది. 2014లో దాని మొదటి మహిళా డైరెక్టర్ అయిన అరుణా బహుగుణ మన ఆంధ్రప్రదేశ్ కేడర్ (పనిచేయడానికి కేటాయించిన రాష్ట్రం) అధికారే.

దాదాపు ఏడాది పాటు పొద్దున గ్రౌండు, పగలు క్లాసు. గ్రౌండులో పరేడు, పరుగు, ఆయుధాలు, గుర్రపు స్వారీ, ఈత. క్లాసులో క్రిమినల్ చట్టాలు, సాక్ష్యం, ఫోరెన్సిక్, సైబర్. ఆ తర్వాత కేడర్ రాష్ట్రంలో ఓ ఆరు నెలల పైన జిల్లా శిక్షణ. ట్రైనీకి కొన్ని వారాలు ఒక స్టేషన్‌ను పూర్తిగా అప్పగిస్తారు. జనరల్ డైరీ రాయించడం, రాత్రి రౌండ్లు వేయించడం, పోస్టుమార్టం దగ్గర నిలబడటం, కోర్టు కానిస్టేబుల్‌తో వెళ్లి సమన్ల గొడవ చూడటం అన్నీ అప్పుడే. తెలుగు రాని అధికారి తెలుగు పరీక్ష పాసవ్వాలి. పాసైనా, స్టేషన్‌కొచ్చిన ముసలమ్మ పల్లె మాట అర్థం కావాలంటే ఈ కొన్ని వారాలే దిక్కు.

శిక్షణలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది చట్టం కాదు, కాలి ఎముక. మూడు నాలుగేళ్లు కుర్చీలో కూర్చుని చదివినవాళ్లు ఒక్కసారిగా రోజూ బూట్లతో గట్టి నేల మీద పరిగెడితే పిక్క ముందు ఎముక నొప్పి పుట్టి సన్నటి పగులు దాకా పోతుంది. అది వస్తే వారాల తరబడి గ్రౌండు బంద్. ఫలితాలు రాగానే నడకతో మొదలెట్టి, వారం వారం కాస్త పెంచుకుంటూ మట్టి నేల మీద పరుగు అలవాటు చేసుకుంటే ఇది చాలావరకు తప్పుతుంది.

ఎస్పీ అయినవాళ్లంతా చివరికి డీజీపీ అవుతారా? జీతం ఎంత?
— బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

అవ్వరు. ఎవరు అవుతారో సర్వీసులో చేరిన మొదటి రోజే సగం తేలిపోతుంది. ఎలాగో చూడండి.

ప్రమోషన్ల లెక్క బ్యాచ్ సంవత్సరం నుంచి మొదలవుతుంది. మామూలుగా పరీక్ష నోటిఫికేషన్ వచ్చిన ఏడాదికి ఒకటి కలిపితే బ్యాచ్. 4 ఏళ్లకు సీనియర్ స్కేలు, 9 ఏళ్లకు జూనియర్ అడ్మినిస్ట్రేటివ్ గ్రేడు, 13కు సెలెక్షన్ గ్రేడు, 14కు డీఐజీ, 18కి ఐజీ, 25కు ఏడీజీ, 30కి డీజీ హోదాకు అర్హత. 2010 బ్యాచ్‌ను తీసుకుంటే డీఐజీకి 2024 జనవరి 1, ఐజీకి 2028, ఏడీజీకి 2035, డీజీకి 2040. ఇది అర్హత మాత్రమే. ఖాళీ ఉండాలి, విజిలెన్స్ క్లియరెన్స్ (అవినీతి ఆరోపణల్లాంటివి లేవన్న ధ్రువీకరణ) ఉండాలి.

ఇప్పుడు ఈ లెక్క పక్కన వయసు పెట్టి చూడండి. రిటైర్మెంటు 60కి. పాతికేళ్లకు సర్వీసులో చేరినవాడు 55కు డీజీ హోదా అందుకుంటాడు, ఇంకా అయిదేళ్లుంటాయి. జనరల్ కోటాలో చివరి ఏడాది, అంటే 32 లోపు రాసి 33కు చేరినవాడు 58కి ఏడీజీ అయి అక్కడే దిగిపోతాడు. ఓబీసీకి 35 దాకా అవకాశం ఉంది కదా అని చివర్లో సాధించి 36కు చేరితే 54కు ఐజీ. ఏడీజీ అర్హత వచ్చేసరికి 61, అప్పటికి ఇంట్లో ఉంటాడు. ఎంత గొప్ప రికార్డున్నా ఈ లెక్క మారదు. పరీక్ష కోసం ఏళ్లు లాగే పిల్లలకు ఈ నాలుగు లైన్లు చదివి వినిపించండి.

జీతం ఏడో వేతన సంఘం లెవెళ్ల ప్రకారం మూలవేతనం ఏఎస్పీకి 56,100 దగ్గర మొదలు. సీనియర్ స్కేలులో 67,700. ఎస్పీకి 78,800. డీఐజీకి 1,31,100. ఐజీకి 1,44,200. ఏడీజీకి 1,82,200. డీజీకి 2,05,400. రాష్ట్ర పోలీసు బలగానికి అధిపతి అయిన డీజీపీకి 2,25,000. దీని మీద కరువు భత్యం అదనం. క్వార్టర్ ఇస్తే ఇంటి అద్దె భత్యం ఉండదు. అదే తెలివి, అదే వయసున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడితో పోలిస్తే ఇది పెద్ద మొత్తమేం కాదు.

వీటన్నిటి వెనకా ఏటా రాసే పనితీరు నివేదిక ఉంటుంది. అధికారి తన పని తాను రాసుకుంటాడు. పైవాళ్లు ముగ్గురు మూడు మెట్లలో 10కి మార్కులేస్తారు. ఆ మార్కులు అధికారికి చూపించాలి, తక్కువేస్తే ఆయన అభ్యంతరం రాయొచ్చు. సమయం దాటాక అభ్యంతరం రాసి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. ప్రతి జనవరి 31 లోపు స్థిరాస్తుల రిటర్ను కూడా వేయాలి. అది వేయకపోతే విజిలెన్స్ క్లియరెన్స్ ఆగుతుంది, దాంతో ప్రమోషన్ ఆగుతుంది. దొంగల్ని హడలెత్తించే అధికారి ఒక ఆన్‌లైన్ ఫారం మర్చిపోయి ఆగిపోతాడు.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదు. ఎస్పీ గారికి అర్జీ ఇస్తే నెల తర్వాత అదే స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఆ కాగితం మీద అసలు ఏం జరిగింది?
— రైతు, నంద్యాల జిల్లా

మీలాంటి ఉత్తరాలు పదకొండు వచ్చాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

సోమవారం ఎస్పీ ఆఫీసు ఊహించుకోండి. ఆ రోజు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఆంధ్రాలో పీజీఆర్ఎస్ అంటారు, తెలంగాణలో ప్రజావాణి. వరండాలో బెంచీల నిండా జనం. ఒక కానిస్టేబుల్ మీ అర్జీకి నంబరు వేసి కంప్యూటర్లో ఎక్కిస్తాడు. ఎస్పీ ముందుకు మీరు వెళ్లాక ఆయన చేతికి దొరికేది రెండు, మూడు నిమిషాలు. మీ కాగితం మొదటి పేజీ పై సగం మాత్రమే చదవగలడు. అక్కడ 'నాకు న్యాయం చేయండి' అని ఉంటే ఆయన పెన్ను మార్జిన్లో ఒక్క మాటే రాస్తుంది: ఫలానా డీఎస్పీ, విచారించి నివేదిక. డీఎస్పీ నుంచి సీఐకి, సీఐ నుంచి ఎస్సైకి. మెట్లు దిగి దిగి కాగితం మీరు మొదట వెళ్లిన బల్ల మీదకే చేరింది. డీజీపీకి పంపినా మామూలుగా ఇదే దారి, ఇంకో రెండు మెట్లు ఎక్కువ.

అందుకే అర్జీలో పై సగంలోనే ఈ సంగతులుండాలి: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ స్టేషన్లో, ఎవరికి ఫిర్యాదు ఇచ్చారు, వాళ్లేమన్నారు, రసీదు ఇచ్చారా లేదా. తర్వాత జరిగిన నేరం రెండు మూడు వాక్యాల్లో. తర్వాత మీరు కోరేది: కేసు నమోదు చేయించమని. ఫిర్యాదు ఆ స్టేషన్ అధికారి మీదే అయితే, విచారణ ఆ సబ్‌డివిజన్‌తో సంబంధం లేని అధికారికి ఇవ్వమని విడిగా రాయండి. అడగకపోతే అలవాటుగా మళ్లీ అక్కడికే వెళ్తుంది. పొలం గట్టు గొడవ, పాత బాకీ, పంచాయతీలో మాట తేడా అన్నీ ఒకే అర్జీలో కుక్కకండి. గట్టు గొడవ కనిపించగానే 'సివిల్ స్వభావం, కోర్టుకు వెళ్లమని సూచించడమైనది' అని ఎండార్స్‌మెంట్ రాసి మూసేస్తారు. దాంతోపాటు మీ మీద జరిగిన దాడి కూడా మూసుకుపోతుంది. అసలు తప్పు తరచూ ఇక్కడే.

చట్టం మీ వైపు ఏముందో చూడండి. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసు నేరుగా కేసు కట్టదగ్గ నేరమైతే ఏ స్టేషన్లో ఇచ్చినా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, మా పరిధి కాదనడానికి లేదు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు. ఎస్సై 'విచారిస్తున్నాం' అంటే డీఎస్పీ అనుమతి ఉందా, ఎన్నో రోజు అని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం.

స్టేషన్ నిరాకరిస్తే 173 సబ్‌సెక్షన్ 4 కింద ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ అయినట్టు ప్రింటు తీసి దాచండి. ఎస్పీ స్వయంగానో, కిందివాళ్లతోనో దర్యాప్తు చేయించాలి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. అక్కడ ఎస్పీకి పంపిన కాగితం, అఫిడవిట్ రెండూ అడుగుతారు. నేరుగా కోర్టుకు పరిగెత్తి, ఎస్పీ మెట్టు ఎక్కలేదని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి కొన్ని నేరాల్లో సమాచారం నమోదు చేయని ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 199 ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. అర్జీలో ఆ సెక్షన్ నంబరు ఒక్కటి కనిపిస్తే బల్ల అవతలివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

కేసు కట్టాక మరో తేదీ రాసిపెట్టుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు చెప్పాలి.

సినిమాల్లో ఎస్పీ ఛేజింగులు చేస్తాడు. నిజంగా ఆయన రోజంతా ఏం చేస్తాడు?
— పదో తరగతి విద్యార్థి, నల్గొండ

కాగితాలు చదువుతాడు. పొద్దున్నే రాత్రి జరిగిన సంఘటనల రిపోర్టు, స్పెషల్ బ్రాంచి (నిఘా విభాగం) నోట్లు, వైర్‌లెస్ సెట్‌లో డీఎస్పీలతో కాన్ఫరెన్స్. హత్య, దోపిడీ వంటి గ్రేవ్ కేసైతే సంఘటనా స్థలానికి వెళ్లాలి. నెలకోసారి క్రైమ్ మీటింగ్. అక్కడ అసలు భయం 60, 90 రోజుల గడువు. ఆ లోపు చార్జిషీటు పడకపోతే జైల్లో ఉన్న నిందితుడికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది. ఏడేళ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ బృందం వెళ్లి తీరాలన్నది కొత్త చట్టం మాట. ల్యాబు రిపోర్టు ఆలస్యమైతే గడువు దగ్గర అందరికీ చెమటలు పడతాయి.

జాతరలూ, నిమజ్జనాలూ వచ్చాయంటే బందోబస్తు స్కీము. మేడారం లాంటి జాతరకు ఆ పుస్తకం కొన్ని నెలల ముందే మొదలవుతుంది. సెక్టార్లు, ఒక్కో పాయింటులో ఎంతమంది, వాళ్లను ఎన్ని గంటలకు మార్చాలి, పార్కింగు, వచ్చే దారి, పోయే దారి, రిజర్వు ఎక్కడ నిలబడాలి అన్నీ అందులో ఉండాలి. చెడేది సాధారణంగా రెండు చోట్ల. వచ్చే జనం, పోయే జనం ఒకే ఇరుకు దారిలో ఎదురుపడటం ఒకటి. రెండోది అన్నం. మధ్యాహ్నం రెండయినా భోజనం పొట్లం రాని కానిస్టేబుల్ పాయింటు వదిలి హోటల్ వెతుక్కుంటాడు, ఖాళీ అయిన ఆ పాయింటు దగ్గరే తోపులాట మొదలవుతుంది. అనుభవమున్న ఎస్పీ స్కీము పుస్తకంలో ముందు చూసేది భోజనాల పేజీ.

కమిషనరేట్లలో తేడా ఏమిటని నువ్వే ఇంకో కాగితంలో అడిగావు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పోలీసు కమిషనర్‌కు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలు కూడా ఉంటాయి. 163 సెక్షన్, అంటే పాత 144, జిల్లాలో రెవెన్యూ అధికారులు పెడతారు, కమిషనరేట్లో కమిషనరే పెడతాడు. హైదరాబాద్‌కు ఇది నిజాం కాలపు కొత్వాల్ నుంచి వచ్చిన వారసత్వం. 1920 నుంచి 1934 దాకా కొత్వాల్‌గా చేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరే ఇప్పుడు తెలంగాణ పోలీస్ అకాడమీకి ఉంది.

సీనియర్లను పక్కనపెట్టి జూనియర్‌ను డీజీపీ చేశారని పేపర్లో తరచూ చూస్తాం. ఇష్టం వచ్చినవాళ్లను పెట్టుకోవచ్చా?
— రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

పూర్తిగా ఇష్టం కాదు. ఉత్తరప్రదేశ్‌లోనూ, అస్సాంలోనూ డీజీపీగా చేసిన ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న తీర్పిచ్చింది. దాని ప్రకారం రాష్ట్రం అర్హుల పేర్లు యూపీఎస్సీకి పంపాలి, యూపీఎస్సీ ముగ్గురి ప్యానెల్ ఇస్తుంది, ఆ ముగ్గురిలో ఎవర్నైనా రాష్ట్రం ఎంచుకోవచ్చు. మూడో వ్యక్తిని ఎంచుకుంటే మొదటి ఇద్దరి కన్నా జూనియర్ డీజీపీ అయినట్టే, అందులో తప్పు లేదు. పదవి కనీసం రెండేళ్లు. జిల్లా ఎస్పీకీ, స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకీ (స్టేషన్ బాధ్యుడైన అధికారికీ) కూడా రెండేళ్లు ఉండనివ్వమని అదే తీర్పు చెప్పింది, అది ఎంత అమలవుతోందో మీ జిల్లా ఎస్పీ ఆఫీసు గోడ మీది పాత ఎస్పీల పేర్ల బోర్డు చూస్తే తెలుస్తుంది.

2018 జూలైలో కోర్టు ఇంకో మాట చెప్పింది: తాత్కాలిక డీజీపీ అన్న పద్ధతి వద్దు, ఖాళీ రావడానికి మూడు నెలల ముందే పేర్లు పంపండి అని. 2019లో కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలినవాళ్లనే పరిగణించాలని స్పష్టం చేసింది. రాష్ట్రం పేర్లు ఆలస్యంగా పంపినప్పుడల్లా 'పూర్తి అదనపు బాధ్యతలు' అన్న మాట జీవోలో దర్శనమిస్తుంది. కిటుకు అంతా ఆ ఆలస్యంలోనే ఉంటుంది.

బీహార్, రాజస్థాన్ నుంచి మనకు ఎస్పీలు వస్తారు, మన పిల్లలేమో నాగాలాండ్ వెళ్తారు. ఎందుకిలా?
— గృహిణి, ఒంగోలు

ఐపీఎస్ అఖిల భారత సర్వీసు కాబట్టి. సొంత రాష్ట్రంవాళ్లు ఒకరైతే బయటివాళ్లు ఇద్దరు అన్న నిష్పత్తిలో కేడర్లు నింపుతారు. ర్యాంకు, ఆ ఏడు ఉన్న ఖాళీలు రెండూ కలిసి రావాలి. ఒకసారి వచ్చిన కేడర్ మారడం చాలా కష్టం. మరో కేడర్‌లోని అఖిల భారత సర్వీసు అధికారిని పెళ్లాడితే మార్చుకోవచ్చు, అదీ సొంత రాష్ట్రానికి కాదు. మన దగ్గర 2014 విభజనప్పుడు ప్రత్యూష్ సిన్హా కమిటీ ఉమ్మడి కేడర్ అధికారులను రెండు రాష్ట్రాలకూ పంచింది. ఆ పంపకం మీద ట్రిబ్యునల్ కేసులు ఏళ్ల తరబడి నడిచాయి.

మా బావగారు ఐపీఎస్. గృహప్రవేశానికి బంగారు గొలుసు పెట్టొచ్చా?
— పేరు వద్దన్నారు, ఖమ్మం

పెట్టండి, పెట్టేముందు ఆయన్ను అడగండి. ప్రవర్తనా నియమావళి ప్రకారం దగ్గరి బంధువులు ఆచారం ప్రకారం ఇచ్చేది 25,000 దాటితే ఆయన ప్రభుత్వానికి తెలియజేయాలి. బంధువులు కానివాళ్ల నుంచి 5,000 దాటితే ముందు అనుమతి లేనిదే తీసుకోకూడదు. ఇప్పటి బంగారం ధరకు గొలుసంటే కాగితం రాయాల్సిందే. ఆ ఇల్లు కూడా జనవరి రిటర్నులో కనిపించాలి. కట్నం తీసుకోవడం, ఇవ్వడం ఇదే నియమావళిలో నిషేధం.

ఐపీఎస్‌ను రాష్ట్రం సస్పెండ్ చేస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ పోస్టింగ్ ఇస్తుంది. ఇదంతా నాటకమా?
— వ్యాపారి, విజయవాడ

నాటకం కాదు, అధికారం రెండుచోట్ల ఉండటం. సస్పెండ్ చేయగలిగేది రాష్ట్రం, ఉద్యోగం నుంచి తీసేయగలిగేది కేంద్రం మాత్రమే. సస్పెన్షన్ సంగతి వెంటనే కేంద్రానికి తెలపాలి, గడువు లోపల సమీక్షించి పొడిగించాలి. పొడిగింపు ఉత్తర్వు ఒక్కరోజు ఆలస్యమైనా అధికారి క్యాట్‌కు (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) వెళ్లి కొట్టేయించుకుంటాడు. కస్టడీలో 48 గంటలు దాటితే ఉత్తర్వు లేకపోయినా సస్పెండ్ అయినట్టే. ఆ కాలంలో సగం జీతం స్థాయిలో జీవనభృతి వస్తుంది. అసలు ప్రభుత్వాలకు నచ్చని అధికారిని సస్పెండ్ చేయడం కన్నా తేలిక పని ఇంకోటుంది: 'హెడ్‌క్వార్టర్స్‌లో రిపోర్ట్ చేయాలి' అని రాసి కుర్చీ ఇవ్వకపోవడం. జీతం వస్తుంది, పని ఉండదు.

గ్రేహౌండ్స్ పెట్టిన వ్యాస్ గారి గురించి రెండు మాటలు రాయండి.
— పాఠకుడు, వరంగల్

ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో 1989లో ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ల మీద పోరాడే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ మొదలైంది. చిన్న చిన్న బృందాలు, అడవిలో నడక, మావోయిస్టుల పద్ధతినే వాళ్ల మీద వాడటం. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్లు ఆయన్ను కాల్చి చంపారు. 1999 సెప్టెంబర్ 4న ఎస్.ఆర్.నగర్ కూడలిలో మరో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను అలాగే చంపారు. ఇద్దరూ చనిపోయింది ఆపరేషన్లో కాదు, నగరంలో, రోజువారీ పనుల మధ్య. ఒకే వేళకు ఒకే దారిలో వెళ్లొద్దని భద్రతా సిబ్బంది ఇప్పటికీ అధికారులను సతాయించేది అందుకే. మన రెండు రాష్ట్రాల కేడర్‌లో కొత్త ఏఎస్పీలకు తరచూ మొదట్లోనే గ్రేహౌండ్స్‌లో అసాల్ట్ కమాండర్‌గా పోస్టింగ్ ఇస్తారు.

నెల ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ఒక నెల ముందే రిటైరవుతారట, నిజమా? ఆ తర్వాత ఏం చేస్తారు?
— పాఠకురాలు, కాకినాడ

నిజమే. 60 నిండిన నెల చివరి రోజున రిటైర్మెంటు. ఒకటో తేదీ పుట్టినవాళ్లకు మాత్రం ముందు నెల చివరి రోజే. జూలై 2న పుట్టినవారు జూలై 31 దాకా ఉంటారు, జూలై 1న పుట్టినవారు జూన్ 30న దిగిపోతారు. డీజీపీ రేసులో ఆరు నెలల సర్వీసు లెక్క ఉంటుంది కాబట్టి ఈ ఒక్కరోజు తేడా ఒకోసారి పెద్దదే అవుతుంది.

రిటైరైన ఏడాది లోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఎన్నికల్లో నిలబడటానికి అలాంటి గడువు లేదు. సీబీఐ డైరెక్టర్‌గా 1996లో దిగిపోయిన కె. విజయరామారావు ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయ్యారు.

చివరి రోజు పరేడు ఉంటుంది, పూలతో అలంకరించిన వాహనంలో నిలబెట్టి కింది అధికారులు తాళ్లతో లాగుతారు. అది ఫొటోల్లో చూస్తాం. దానికి ముందు వారం రోజులు ఆయన ఆఫీసులో జరిగేది వేరు. సర్వీసు పిస్టల్, వైర్‌లెస్ సెట్, ఐడీ కార్డు అప్పగించి రసీదులు తీసుకోవడం, క్వార్టర్ కరెంటు, నీటి బిల్లులు కట్టి బకాయిల్లేవన్న సర్టిఫికెట్ తెచ్చుకోవడం. ఆ సర్టిఫికెట్ రాకపోతే గ్రాట్యుటీలో కొంత ఆగుతుంది, రాష్ట్ర పోలీసు అధిపతికైనా సరే.